ఫ్రిజ్‌లోని చేప ముట్టకు

క్యాథరిన్ బిడ్డా, ఫ్రిజ్‌లో ఉన్న చేప ముక్కలు ముట్టకు. పిల్లికి కూడా వేయకు. మీ జోయల్ అన్న ముంబైలో పత్తి బేళ్లు దించి, నిన్న లారీలో ఐసు పెట్టి తెచ్చిన సముద్రపు చేప అది. పొద్దున మిగిలిన సగం కోస్తుంటే తెల్లటి పురుగులు దారం చుట్టలా కనబడ్డాయి. చెరువు చేపలకైతే పేగుల్లో ఉంటాయి, తీసి కడుగుతాం. ఇవి కండలోనే ఉన్నాయి. కత్తిపీట మీద వేడినీళ్లు పోసి కడుగు.

నేను పాస్టరమ్మ ఇంటికి పోతున్నాను. ఎప్పటిలాగే మొదటి భాగం, నడుమ ముక్కలు, వాళ్లకే పంపాను కదా. ఈ రోజు శుక్రవారం. పన్నెండింటికి ప్రార్థన అయ్యాక ఆమె ఆ చేపతోనే ఉపవాసం విడుస్తుంది. ఫోన్ ఎత్తడం లేదు. "నోట్లో పండ్లు లేనిదాన్ని బిడ్డా, ముక్క గట్టిపడకముందే పొయ్యి మీద నుంచి దించుకుంట" అన్నది నిన్న.

బాగా ఉడికితే పురుగు చస్తుందట. నిన్న రాత్రి మన కూర బాగానే ఉడికింది. ప్రార్థన చేసుకునే తిన్నాం. దేవుడు కాపాడతాడనే నమ్ముతాను. అయినా పాస్టరమ్మకు మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూనే ఉన్నాను.

అన్నను ఏమీ అనకు. మనం తింటామనే తెచ్చాడు.

అవ్వ

ఉప్పు చూడమని నీకిచ్చిన ముక్క ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి కూర పొంగు కూడా రాలేదు. "అవ్వా, పచ్చిగున్నది" అన్నావు. "నీకన్నిటికి వంకలే, మింగు" అన్నాను. కడుపులో నొప్పి ఉంటే దాచకు. పాస్టరమ్మకు చెప్పి వెంటనే వస్తాను, దవాఖానకు పోదాం. తయారై ఉండు.