పడవతో చెప్పిన మాట

చెన్నై, ఆగస్టు 2

అవ్వకు నమస్కారం.

ఇప్పుడే రాయక తప్పని పని పడి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో నా మాట నీకు వినపడదు. పక్కింటి రోజారమణి అక్క నీ చెవి దగ్గర చదివి వినిపిస్తుంది.

మా డబ్బింగ్ ఆఫీసుకు జపాన్ వాళ్ల బొమ్మల సినిమా ఒకటి వచ్చింది. రెన్ అనే కుర్రవాడు ఆకాశంలో పోయే ఓడెక్కి ఎక్కడో దూరపు చుక్క దగ్గరికి బయలుదేరతాడు. వాణ్ని ప్రేమించిన సాయో రేవులో నిలబడి పాడుతుంది. ఆ పాట తెలుగులో రాసే పని నాకిచ్చారు. నచ్చితే తెరమీద నా పేరు వేస్తారు. మనింట్లో బడికి పోయినదాన్ని నేనొక్కదాన్నే కదా, ఆ పేరు నీకు చూపించాలని ఆశ. మూడుసార్లు రాశాను. మా పెద్దాయన సుశీల్ కుమార్ గారు మూడూ వెనక్కిచ్చారు. పన్నెండో తేదీలోగా కుదరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

తాత చేపల వేటకు పోయేటప్పుడు నువ్వు ఒడ్డున ఏదో పాడేదానివి. అది చెప్పు.

నీ మనవరాలు
వినీల

తా.క. నా పాట "పోవద్దు రెన్, వెనక్కి చూడు" అని మొదలవుతుంది. అందులో తప్పేముందో నాకు తెలియడం లేదు.

*

పట్టపుపాళెం, ఆగస్టు 5

వినీలకు అవ్వ చెప్పి రాయించేది.

పడవ మీద కాలు పెట్టిన మనిషిని వెనక నుంచి పిలుస్తారా మే? పైగా పోవద్దంటుందా? ఆ పిల్లకు పెద్దోళ్లు ఎవురూ లేరా? అట్ట పిలిస్తే వాడు తిరిగొచ్చేది యాడ? ముందు ఆ పిల్ల నోరు మూయించు. నేను పాడింది లేదు గీడింది లేదు. పిలవకుండా ఉండేదానికి పళ్లు బిగబట్టుకోని నిలబడేదాన్ని. ఆ అబ్బయ్య ఎన్నాళ్ల వేటకు పోతుండాడు? ఐసు సరిపడా ఏసుకున్నాడా?

వేళకు తిను.
అవ్వ పేరమ్మ

తా.క. ఇది రోజారమణి మాట. రెన్ ఉత్త బొమ్మ అని మూడుసార్లు చెప్పినా. "బొమ్మయితే మాత్రం తల్లి ఉండదా" అని మీ అవ్వ పోయి గంగమ్మకు టెంకాయ కొట్టొచ్చింది. ఇప్పుడు పాళెమంతా రెన్ క్షేమం అడగతా ఉంది.

*

చెన్నై, ఆగస్టు 7

అవ్వకు,

సాయో నోరు మూయించడం నా చేతుల్లో లేదు. బొమ్మలు గీసేశారు. ఆమె పెదాలు నలభై సెకన్లు కదులుతాయి. ఆ కదలికకు సరిపడా మాటలు పెట్టడమే మా పని. రెన్ పోయేది చేపలకు కాదు. ఆ ఓడ వేగానికి కాలంలో తేడా పడుతుంది. వాడికి రెండేళ్లు గడిచేసరికి ఒడ్డున ఆమెకు నలభై ఏళ్లు గడుస్తాయి. వాడు కుర్రవాడిగానే దిగుతాడు, ఆమె తల నెరిసి ఉంటుంది. ఐసు అక్కర్లేదు.

నాలుగోసారి రాసిందీ నిన్న వెనక్కొచ్చింది. "ఇది బతిమాలడం వినీలా, పాట కాదు" అన్నారు పెద్దాయన. ఇంక నాకు మాటలు రావడం లేదు.

దిగులుగా
వినీల

తా.క. పళ్లు బిగబట్టుకున్నానని రాయించావు. మరి నీ పెదాలు కదలడం నేను చిన్నప్పుడు చూశాను.

*

పట్టపుపాళెం, ఆగస్టు 9

వినీలకు,

నలభై ఏళ్లా? మీ తాత తుఫానులో పదకొండు దినాలు కనపడకపోతేనే నా తల సగం నెరిసింది. ఆ లెక్కన ఆ పిల్లకు ఎంటికలే మిగలవు.

పెదాలు కదిలింది నిజమే. ఈ మాట ఎవురికీ చెప్పలా. మనిషిని పిలవకూడదు గానీ, పడవతో మాట్లాడకూడదని ఎవురూ అనలా. అందుకని పడవతో చెప్పేదాన్ని.

ఓ పడవా, ఆయనతో కాదు, నీతోనే చెప్తుండా.
అల లేస్తే నువ్వు వొంగు, ఆయన్ని వొంగనీబాక.
పొద్దు ఎటు పోయినా నువ్వు ఇటే తిరుగు.
కూడు వండి పెట్టుంటా, సల్లారినా పారబొయ్యను.

అంతే. దీన్ని పాటంటారో లేదో నాకు తెలీదు. ఆ పిల్లను వాడి వీపు చూడబాకని చెప్పు. ఓడను చూసి చెప్పమను.

దిగులు పడబాక.
అవ్వ

తా.క. రోజారమణిని. మీ తాత మస్తానయ్య వాకిట్లో వల కుడతా ఇదంతా విన్నాడు. "ఇన్నేళ్లూ నన్ను తిట్టుకుంటా ఉందనుకున్నానే" అన్నాడు. అప్పట్నుంచి కుట్టిన చోటే కుడతా ఉండాడు.

*

చెన్నై, ఆగస్టు 13

అవ్వకు,

పాట నిన్న రికార్డయింది. నీ మాటల్లో ఒక్కటీ మార్చలేదు, సాయో పెదాలకు అలాగే సరిపోయాయి. సుశీల్ కుమార్ గారు రెండుసార్లు విని, కళ్లద్దాలు తుడుచుకుని, "ఇదెవరు రాశారు?" అని అడిగారు. నేనే అనడానికి నోరు తెరిచాను. మా అవ్వ అనేశాను. చదువుకుని నాలుగుసార్లు రాసింది నేను. ఒక్క అక్షరమూ రాయకుండా కట్టింది నువ్వు.

తెరమీద "పాట: పేరమ్మ" అని పడుతుంది. అందుకు ఒప్పుకున్నట్టు నీ సంతకం కావాలంటే, మా అవ్వకు సంతకం రాదే అన్నాను. వేలిముద్ర చాలన్నారు. నా పేరుకు తొందరేమీ లేదు.

గర్వంగా
పేరమ్మ మనవరాలు వినీల

తా.క. సాయో రెన్‌ను వదిలేసి ఓడతో ఎందుకు మాట్లాడుతోందని జపాన్ వాళ్లు అడిగారు. మా తీరంలో అంతేనని జవాబు రాశాము. ఇందులో పెట్టిన కాగితం మీద నీ వేలిముద్ర, సాక్షిగా తాత వేలిముద్ర వేయించి, ఇరవయ్యో తేదీలోగా నాకు అందేట్టు పంపించు.