బియ్యపు గింజంత తోలు

తమ్ముడూ దావీదూ,

నిన్న నీ పుట్టినరోజు. నీ సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించాల్సిన నేను హైదరాబాద్ దవాఖానలో తోలు కోయించుకుని వచ్చాను. నవ్వకు, బియ్యపు గింజంత ముక్కే.

నా మనవరాలికి నీ జబ్బే వచ్చింది. ముట్టుకుంటే బొబ్బలు. మేనరికం వద్దని బిడ్డ మొత్తుకున్నా వినకుండా అక్క కొడుక్కే ఇచ్చాను. నీలో బయటపడిన లోపం అక్కలోనూ నాలోనూ దాక్కుని ఉందట.

ఆ తప్పుడు జన్యువును ఇప్పుడు ల్యాబులో ఒక మందుతో సరిచేస్తున్నారని డాక్టరమ్మ చెప్పింది. వాళ్ల ప్రయోగాలకు నా తోలు పనికొస్తుందట. అయితే ఆ మందును చర్మం లోపలికి పంపడమే కష్టమట. ఎవరినీ రానియ్యకపోవడమే చర్మం డ్యూటీ కదా.

"నన్నడుగుండ్రి మేడం. బొగ్గుబాయి గేటు కాడ జేబులన్నీ తడిమి తలాషి చేసినంక సుత పేకముక్కలు లోపలికి తీస్కపోయినోణ్ణి" అన్నాను. ఆమె నవ్వింది.

"మా పాపకు అందుతదా?" అని అడిగితే నవ్వు ఆగిపోయింది.

"ఇంకా పరిశోధనలోనే ఉందన్నా. మాటియ్యలేను."

అలసిపోయి ఇల్లు చేరేసరికి పాప ఏడుస్తోంది. "బాపూ, చంకల్ల చెయ్యి పెట్టకు. మెత్తతోనే లేపు" అంది బిడ్డ.

నువ్వు పదో తరగతి పాసైన రోజు సంబరంగా నీ వీపు చరిచాను. చొక్కా విప్పితే దాంతోపాటు తోలూ ఊడొచ్చింది. ఆ తర్వాత నువ్వు పోయేదాకా నిన్ను ముట్టుకోలేదు.

పాపను కింద పరిచిన మెత్త దిండుతో సహా ఎత్తుకున్నాను. నా చేతుల్లోనే నిద్రపోయింది. తోలు కోసిన చెయ్యి సలుపుతున్నా దించలేదు.

మీ అన్న