పిన్ని గొంతు

పిన్నీ,

ఆపరేషన్ తర్వాత నీకు గొంతు పెగలడం లేదని, అన్నీ కాగితం మీద రాసి చూపిస్తున్నావని చెల్లి చెప్పింది. ఫోన్లో నేనొక్కదాన్నే వాగడం బాగోదని ఇది రాస్తున్నాను. ఒక తప్పు ఒప్పుకోవాలి.

మన లైబ్రరీ కోసం నువ్వు పదేళ్లు తిరిగి రికార్డు చేసిన నేతవాళ్ల జీవితకథల క్యాసెట్లు పాడైపోతున్నాయి. వాటిని కాపాడటానికి ప్రభుత్వ గ్రాంటు అడిగాను. నమూనా పంపమంటే, మగ్గం నేసిన ఒక ముసలామె క్యాసెట్ ఎంచుకున్నాను. అందులో నీ మాటలన్నీ తీసేసి పంపాను. "అయ్యో, తర్వాత?", "ముందు మంచినీళ్లు తాగు పెద్దమ్మా" అని నువ్వు మధ్యమధ్యలో అడ్డుపడుతుంటే చదువుకున్నవాళ్లు నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వేది నాలాంటివాళ్లే కదా, నాకు తెలుసు.

నిన్న గ్రాంటు కమిటీ జవాబు వచ్చింది. "ఈ ముసలామె ఎవరిని చూసి ఇంత మనసు విప్పింది? ఆ మనిషి గొంతు లేకపోతే ఇది సగమే. పూర్తి రికార్డింగు పంపితేనే పరిశీలిస్తాం" అని రాశారు.

అసలు క్యాసెట్ మళ్లీ పెట్టాను. మగ్గం అమ్మేసిన రోజు తలుచుకుని ఆమె ఏడుస్తుంటే నువ్వేమీ అడగలేదు. "ఇక్కడే ఉన్నాను పెద్దమ్మా" అని మాత్రం అన్నావు. దాన్ని కూడా కత్తిరించాను పిన్నీ.

నీ గొంతుతో పంపాలని నాకుంది. పంపి గ్రాంటు వస్తే అది మన లైబ్రరీలో రోజూ వినిపిస్తుంది. అది నీకు ఊరటో, నరకమో నాకు అంతుపట్టడం లేదు. శనివారం క్యాసెట్ తెస్తాను. ముందు మనిద్దరమే విందాం. నువ్వు తల అడ్డంగా ఊపితే అక్కడే ఆపేస్తాను. గ్రాంటు పోతే పోనీ.

నీ అక్క కూతురు