ఏట్లో నిలబడి ఏటి దారి అడిగాను

అమ్మా, నేను తడవకుండా క్షేమంగా ఉన్నాను.

ఏటి సర్వే అనగానే ఈత రాని పిల్లనని భయపడ్డావు. ఈ ఏట్లో చెంబు ముంచడానికి కూడా నీళ్ళు లేవు. మొన్న కొలత గొలుసు, జెండాలు మోసుకుని పొద్దంతా ఇసకలో నడిచి, మేకలు కాసే ముసలమ్మను "ఏరు ఇంకా ఎంత దూరం అవ్వా?" అని అడిగాను. "ఏట్లో నిలబడే అడుగుతున్నావా తల్లీ!" అని నవ్వింది. ఏడాదికి నాలుగు రోజులే పారుతుందట. ఇలాంటి ఏరును పటంలో తెగిన గీతతో చూపిస్తామని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. "తెగిందని ఎవరన్నారు? అలిగి కిందికి దిగింది, అంతే" అంటూ చేత్తోనే చెలమ తోడింది. మోచేతి లోతులో నీళ్ళు ఊరాయి. కాస్త ఉప్పగా ఉన్నా తాగాను.

తలకు చుట్టుకోవడానికి నీ పాత నూలు చీర ముక్క పంపు. కుట్టుమిషను బాగైందా? తమ్ముడి దగ్గు తగ్గిందా?

నేను ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నాన్న నా పేరే ఎత్తడం లేదని రాశావు. ఇదేమీ ఆయనకు చదివి వినిపించకు. గుమ్మంలో తపాలా అందుకునేది ఆయనే కదా. కవరు మాని కార్డు రాసింది అందుకే.

మీ పెద్దమ్మాయి