ఎక్కువైన రెండు కిలోలు

బావమరిదికి,

తూకం చూడకుండా ఏ పిల్లికీ మత్తుసూది వేయనని పెళ్లైన కొత్తలో మీ అక్కకు మాటిచ్చాను. ఆ మాట తప్పింది ఆవిడ పిల్లి దగ్గరే.

పిల్లి తూకం మీద కుదురుగా నిలవదు కదా. అందుకే దాన్ని ఎత్తుకుని నేనెక్కి, వచ్చిన అంకెలోంచి నా బరువు తీసేసేవాణ్ణి. పిల్లలు పుట్టకుండా మీ అక్క పిల్లికి ఆపరేషన్ చేయాల్సిన రోజున, నా పశువుల ఆసుపత్రిలో సాయం చేసే నువ్వు, "బావా, ముందు మీరొక్కరే ఎక్కండి" అన్నావు.

"నా బరువు నాకు తెలీదా? నాకే పాఠాలు చెప్పొచ్చావా!" అని కసిరి, పాత బరువే తీసేశాను. అప్పటికి నా పొట్ట రెండు కిలోలు పెరిగింది. మూడు కిలోల పిల్లికి, ఐదు కిలోల పిల్లికి వేసే మందు ఎక్కించాను. కత్తి తగలకముందే దాని ఊపిరి ఆగిపోయింది.

సిరంజి నింపింది నువ్వు కాబట్టి నింద నీ మీదికి తోశాను. నలభై ఏళ్లు నువ్వు నా గడప తొక్కలేదు. మొన్న మీ అక్క పోయినప్పుడూ వాకిట్లోంచే వెళ్లిపోయావు. తప్పు నాది. ఈ ఉత్తరం ఎవరికైనా చూపించుకో.

కానీ ఆ రోజు ఆవిడ తలుపు పక్కనే ఉండి మన మాటలన్నీ విన్నది. నిన్ను నిందిస్తుంటే ఒక్క మాట అడ్డం వేసినా నేను ఆగేవాణ్ణి. మొగుడి పరువని నోరు మూసుకుంది. ఇప్పటికీ నేను తప్పుపట్టేది మీ అక్కనే.