ఆ చారు తాగకండి

ఏమండీ, పొయ్యి మీదున్న మిసో చారు తాగకండి. పిల్లికి కూడా పొయ్యకండి. అందులో వేసినవి మనం వండుకునే ఉరుయి ఆకు చిగుళ్లు కావు, అదేదో విషపు మొక్క. మామయ్య రెండు గిన్నెలు తాగి, కాసేపటికే వాంతులు చేసుకుని కూలబడిపోయారు. పక్కింటి తకెజావాగారి బండిలో అత్తయ్యా నేనూ ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం.

మీరు రాగానే పెరట్లో దేవదారుల నీడకి వెళ్లండి. తెల్ల అంచు చారలతో విచ్చుకుంటున్న పెద్దాకుల ఉరుయి నాది, దాని జోలికి పోకండి. దాని పక్కనే, మీరు ఉరుయి అనుకుని కొండ మీంచి తెచ్చి నాటిన ఉత్త పచ్చటివి ఉన్నాయి చూడండి, వాటిలో ఒకటి వేరుతో సహా పీకి డాక్టరుకి పట్టుకురండి. "చూసి మురిసిపోడానికి ఆ చారలాకులెందుకే, వండుకునేవి పెంచు" అని వెక్కిరించారుగా! నేను చారులోకి కోసినవాటికి ఆ చారలే ఉంటే పొరబడేదాన్నా?

మీరు తెచ్చారని అత్తయ్యకి చెప్పలేదు. చూసుకోకుండా నేనే ఎక్కణ్ణుంచో కోసుకొచ్చానన్నాను. త్వరగా రండి, నాకు చాలా భయంగా ఉంది.

చిజురు

ఉప్పు చూడ్డానికి నేనూ ఓ గరిటెడు తాగాను. ఇది రాస్తుంటే పెదాలు తిమ్మిరెక్కుతున్నాయి. అదీ అత్తయ్యకి చెప్పలేదు.