సారు నల్లగోడ

మట్టెవాడ, 1981. శుక్రవారం రాత్రి.

కోపం ఇంకా తగ్గలే. మొన్ననే సోమయ్య సారు పోయిండు. రేపు ఆయన సంతాప సభ అని బడికి సున్నం వేయిస్తాండ్రు. సారు తన క్లాసు గోడలకు కింద సగం బొగ్గు, ఆకుపసరు రుద్ది నల్లగ చేసిండు. పిల్లలు దాని మీద ఇష్టమున్న బొమ్మ గీసేటోళ్లు, దాని పేరు సారు కింద రాసేటోడు. రిటైరయ్యేదాక గదే ఆయన పాఠం. గోడ ఖరాబ్ చేస్తాండని సారును తిట్టిన హెడ్మాస్టరే రేపు ఫోటోకు దండ వేస్తడు.

సున్నం కొట్టే కూలోన్ని నేను. ఇయ్యాల ఆ గదిల పైన సున్నం కొట్టి, కింద నలుపు వదిలిపెట్టిన. హెడ్మాస్టర్ మండిపడ్డడు.

"పెద్దమనుషులు వస్తాండ్రు. గీ మసి ఏందిరా?"

"మసి కాదు సార్. సోమయ్య సారు పలక."

మా మేస్త్రి నన్ను పక్కకు గుంజిండు. "నీకెందుకురా తమ్మీ ఫికర్? పొద్దుగాల దాని మీద సున్నం కొట్టెయ్. లేకుంటే ఇగ పనికి రాకు."

చిన్నప్పుడు నేను బడి మొఖం చూడలే. కొన్నేండ్ల కింద గదే గదిల పైసగం సున్నం కొట్టనీకి పోతే, సారు చాక్‌పీసు చేతిల పెట్టి "నీ పని గియ్యి" అన్నడు. బకెట్ గీసిన. దాని కింద "సున్నం" అని రాసిండు. నేను చదివిన మొదటి మాట గది. మిగిలిన చదువంత నేనే కిందమీద పడి నేర్చుకున్న.

ఆ గోడ మీద నా చేత్తోనే సున్నం కొట్టాల్నా?

పని పోతే ఇంట్ల ఏం తింటమో...

ఇందాక అమ్మ ఒకటే అరిచింది. "రోట్లె బొగ్గు నూరుతావేందిరా? పొద్దుగాల తొక్కు ఎట్ల నూరాలె?"

కడుగుత అన్న. రేపు నా బకెట్ల సున్నం ఉండదు.